వాగు పోరంబోకు: కొట్టాలకు లెక్కేది, జాగాకు హక్కేది

'మురికివాడ' అన్న మాటను తెలుగులోకి తెచ్చినవాళ్లెవరో గానీ వాళ్లకు మన ఊళ్లు బాగా తెలిసే వుండాలి. ఇంగ్లీషులో స్లమ్ అంటే పేదలు ఇరుకిరుగ్గా బతికే చోటు. తెలుగులో అది 'వాడ' అయి కూర్చుంది. వాడ అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మాలవాడ, మాదిగవాడ, వెలివాడ. ఊరికి ఆవల, పల్లంలో, ఊరి నీళ్లన్నీ పారి వచ్చి చేరే దిక్కున వుండేది వాడ. రాచవాడలూ వున్నాయి, బాపనవాడలూ వున్నాయి కదా అనే పండితులుంటారు. వుండొచ్చు. వాటి ముందు 'మురికి' అని ఎవరూ చేర్చలేదు.

మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది ఒక చిన్న ప్రశ్న. గుడిసెలు ఎప్పుడూ నీళ్ల పక్కనే ఎందుకుంటాయి? వాగు గట్టు, కాలువ గట్టు, చెరువు శిఖం, మురుగు కాలువ అంచు. హైదరాబాదులో మూసీ, విజయవాడలో బుడమేరు, నంద్యాలలో చామకాలువ, మద్దిలేరు, కుందూ. నీళ్ల వసతి చూసుకుని అక్కడ వేసుకుంటారని ఎవరైనా అంటే, ఆ నీళ్లు ఒక్కసారి తాగి చూడమని చెప్పాలి. కొట్టాల్లోని ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడేది ఆ వాగు పక్కనే. కాబట్టి కారణం వేరే వుంది. అది సర్వే నంబర్లలో, రెవెన్యూ రికార్డుల్లో, ఊరి కులాల అమరికలో వుంది. దాన్ని విప్పి చూపడానికి మేం వెలుగోడు నుంచి మొదలుపెడుతున్నాం.

వెలుగోడు నల్లమల అంచున వున్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. ఆత్మకూరు నుంచి నంద్యాల పోయే దారిలో వస్తుంది. ఈ ఊరి పేరు బయటివాళ్లకు తెలిసింది తెలుగుగంగ వల్ల. 1983 మే 25న మద్రాసులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా ప్రారంభమైన ఆ పథకంలో, శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, బానకచర్ల మీదుగా గాలేరుకు అడ్డంగా కట్టిన వెలుగోడు రిజర్వాయరుకు చేరతాయి. దాని నిలవ 16.95 టి.ఎం.సి.లు. అక్కణ్నుంచి బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి 1996లో చెన్నపట్నం కుళాయిల దాకా పోయాయి. నాలుగు వందల కిలోమీటర్లు నీళ్లను నడిపించిన ఇంజనీరింగు గొప్పదే, మేం కాదనడం లేదు. అయితే ఈ నీళ్ల మొదటి మజిలీ శ్రీశైలం జలాశయం. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్షమంది దాకా లేచిపోయారు. 1981 వేసవిలో పోలీసుల్ని పెట్టి, బుల్డోజర్లు తెచ్చి ఇళ్లు కూలగొట్టారు. ఈ మధ్య బుల్డోజర్ గురించి దేశమంతా మాట్లాడుతున్నారు. కర్నూలు జిల్లా దళితులకు అది నలభై ఏళ్ల కిందటి పరిచయం.

ఇక్కడ కొంచెం ఆగి చట్టం సంగతి చెప్పుకోవాలి. అప్పుడు అమల్లో వున్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దానికి తెలిసింది ఒక్కటే మనిషి, భూమి యజమాని. పట్టా వున్నవాడికి ఎకరాకు ఇంత. మిద్దె వున్నవాడికి రాయికి, దూలానికి లెక్కగట్టి ఇంత. పోరంబోకు మీద బోదకసువు కప్పిన కొట్టం వున్నవాడికి జాగా విలువ రాదు, ఎందుకంటే జాగా అతనిది కాదు. కొట్టానికి వచ్చేది కసువుకూ గుంజలకూ కట్టిన ధర. ఇక రెడ్డి చేలో పని చేసిన కూలికి ఏం పోయిందని ఆ చట్టాన్ని అడిగితే ఏమీ పోలేదంటుంది. అతనికి పోయింది పని. కళ్లంలో గింజలు, పండక్కి చీర, సావు కాడ డప్పుకు ఇచ్చే నాలుగు రూపాయలు, ఆవు చస్తే తోలు, అక్కరకు చేబదులు ఇచ్చే షావుకారు. ఇవన్నీ దోపిడీ సంబంధాలే, వాటిని మేం తలుచుకుని కన్నీళ్లు పెట్టుకోవడం లేదు. కానీ బతుకు వాటి మీదే నడిచింది. ఊరు మునిగితే భూమి వున్నవాళ్లు పరిహారం డబ్బులు పట్టుకుని ఇంకో చోట ఎంతో కొంత కొనుక్కోగలిగారు. వాడ మొత్తం రోడ్డెక్కింది.

ముంపు కుటుంబాల్లో ఇంటికొకరికి ఉద్యోగమివ్వాలని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో కింద లష్కరు ఉద్యోగాలివ్వమని నిర్వాసితుల పిల్లలు తండ్రుల కాలం నుంచి ధర్నాలు చేస్తూ వచ్చారు. ఇక్కడ కూడా నిర్వాసితుడని నిరూపించుకోవడానికి ఇల్లో పొలమో రికార్డులో వుండాలి. రికార్డులో లేనివాడు మునిగాడని సాక్ష్యం చెప్పేది ఆ నీళ్లొక్కటే.

2013లో వచ్చి 2014 జనవరి 1 నుంచి అమలైన కొత్త భూసేకరణ చట్టం కౌలుదార్లనూ కూలీలనూ 'బాధిత కుటుంబాలు'గా గుర్తించింది. ఇది చిన్న గెలుపు కాదు. అయితే మూడేళ్లుగా అక్కడే వుంటూ అక్కడి పని మీదే బతికామని చూపించాలి. సుగ్గికి పోయేవాళ్లు ఆ మూడేళ్లను ఎట్లా చూపిస్తారు? ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరు సీమకు పోయి, చేల గట్ల మీద తాడిపత్రి పట్టలు కట్టుకుని నెలల తరబడి వుండే కుటుంబాలకు ఇంటి దగ్గర తలుపుకు తాళం వుంటుంది. అధికారి వచ్చి చూసే రోజు ఆ తాళమే కనపడుతుంది. అసైన్డు భూముల సంగతీ అంతే వుండేది. డి.కె.టి. పట్టా ఇచ్చిన సర్కారే అవసరమైతే పరిహారం లేకుండా తిరిగి తీసుకోవచ్చని ఆ పట్టాలోనే షరతు రాసేవాళ్లు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డు భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని చెప్పింది. దళిత కార్యకర్తలు ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు అది.

కొట్టం వేసుకోవడం

కొట్టం రాత్రికి రాత్రి లేస్తుందంటారు. రాత్రి లేచేది గుంజలు మాత్రమే. మధ్యలో నిట్టాడు పాతి, నాలుగు వైపులా గుంజలు నిలబెట్టి, పైన వెదురు బొంగులు పరిచి, దొరికితే బోదకసువు, దొరక్కపోతే తాడిపత్రి పట్ట కప్పుతారు. గోడల స్థానంలో యూరియా సంచులు కుట్టిన తెర. మా వైపు నాపరాయి చవక కాబట్టి రెండో ఏడాదికి ముక్కబండలు నిలబెట్టి గోడ చేస్తారు. మూడో ఏడాదికి సిమెంటు రేకులు పడతాయి. అప్పుడు 'కొట్టాలు' కాస్తా 'రేకుల షెడ్లు' అవుతాయి. ఆ రేకుల కింద ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట ఎవరూ వుండలేరు. పిల్లల్ని వేపచెట్టు కింద పడుకోబెడతారు.

ఈ మార్పులన్నీ ఒక నమ్మకాన్ని కొలిచే కొలతలు. ఇవాళ పీకేయరు అనిపించినప్పుడు బండ నిలబెడతారు. ఏడాది దాకా పీకేయరు అనిపిస్తే రేకులు వేస్తారు. పట్టా వస్తుందన్న మాట వినపడితే అప్పు చేసి పునాది తీస్తారు. ఒక కాలనీకి పోయి గోడల్ని చూస్తే వాళ్లకు సర్కారు మీద ఎంత భరోసా వుందో తెలిసిపోతుంది. పేదవాడు మంచి ఇల్లు కట్టుకోడానికి ఇష్టపడడని రాసే ఆర్థికవేత్తలు ఒకసారి ఈ లెక్క చూడాలి.

జాగా ఎట్లా దొరుకుతుంది? ఊళ్లో పట్టా భూమి కొనలేరు. గ్రామకంఠంలో ఖాళీ జాగా వున్నా అక్కడ గుంజ పాతితే ఊరంతా లేస్తుంది. పక్కింటివాళ్లు ఒప్పుకోరు. బంజరు భూమి ఊరికి దగ్గర్లో వుంటే దాన్ని ఎవరో ఒక ఆసామి ఎప్పుడో దున్నుకుని వుంటాడు. రికార్డులో అది సర్కారుదే, కంచె మాత్రం అతనిది. మిగిలింది ఏమిటంటే ఎవరూ దున్నలేనిది, ఎవరూ ఇల్లు కట్టలేనిది, వానొస్తే మునిగేది. వాగు పోరంబోకు, శ్మశానం పక్క, డొంక, రైలు కట్ట, కాలువ గట్టు. నిజానికి వాగు పక్కకు పోవాలని ఎవరూ ఎంచుకోలేదు. మిగతా చోట్లన్నీ ఒక్కొక్కటీ మూసుకుపోగా మిగిలింది అదే.

జాగా ఉచితంగా దొరుకుతుందనుకోవడం కూడా తప్పే. వార్డు నాయకుడో అతని మనిషో ఒకడు తాడు పట్టి కొలిచి ఇస్తాడు. పదో యాభయ్యో రూపాయల స్టాంపు కాయితం మీద 'స్వాధీనం' రాసిస్తాడు. ఆ కాయితానికి కోర్టులో హక్కుపత్రం విలువ లేదు. అయినా దానికి వేలు పోస్తారు. కాలనీకి ఎవరి పేరు పెట్టాలన్నది కూడా పీకేయకుండా కాపాడుకునే ఏర్పాటే. ఇందిరానగర్, ఎన్టీఆర్ నగర్, రాజీవ్ నగర్, వైఎస్సార్ నగర్ అని మన పట్నాల అంచున వున్న పేర్లన్నీ చదువుకుంటూ పోతే ఎప్పుడు ఏ పార్టీ అధికారంలో వుందో, ఆ కాలనీ ఏ ఏడాది లేచిందో సుమారుగా చెప్పొచ్చు. అంబేడ్కర్ నగర్‌కు మాత్రం ఏ ప్రభుత్వమూ గుర్తుకు రాదు. అక్కడ ముందు విగ్రహం లేస్తుంది, ఆ తర్వాత కొట్టాలు. విగ్రహం వున్న చోటికి బుల్డోజరు రావడానికి కొంచెం వెనకాడుతుంది. ఆ వేలు పార్లమెంటు వైపు చూపిస్తుందని అందరూ అంటారు. కొట్టాల మనుషులకు ఆ వేలు 'ఇక్కడ పాతుకోండి' అని చూపినట్టుంటుంది.

'అభ్యంతరకరం' అనే మాట

ఇక అసలు ముడి. సర్కారు దృష్టిలో ఆక్రమణలు రెండు రకాలు. అభ్యంతరం లేనివి, అభ్యంతరకరమైనవి. బంజరు మీద, ఖాళీగా వున్న సర్కారు భూమి మీద వేసుకుంటే అభ్యంతరం లేనిది. దాన్ని క్రమబద్ధం చేయొచ్చు. వాగు, చెరువు, కాలువ, రోడ్డు, శ్మశానం మీద వేసుకుంటే అభ్యంతరకరం. దానికి పట్టా ఇవ్వరు. తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో దారిద్ర్యరేఖకు దిగువన వున్నవాళ్లకు 125 చదరపు గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తామంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మరుసటి ఏడు అట్లాంటి జీవోనే వచ్చింది. రెండు చోట్లా నీళ్ల జాగాలు మినహాయింపు.

కాయితం మీద చూస్తే ఈ విభజన సబబుగానే కనిపిస్తుంది. చెరువుల్ని కాపాడాలి, ఎవరు కాదంటారు? చెరువు పోతే ముందు ఎండేది కూలివాళ్ల బతుకే. కానీ రెండో రకం జాగాలో ఎవరున్నారో చూడండి. మొదటి రకం జాగా కులబలం, ఊరిబలం వున్నవాళ్ల చేతిలో వుంది. రెండో రకం జాగా మాల, మాదిగ, రెల్లి, ఎరుకల, బుడగజంగాల, దూదేకుల కుటుంబాలది. ఊళ్లో ఎక్కడ చోటివ్వాలో కులం తేల్చింది. ఎక్కడ పట్టా ఇవ్వకూడదో చట్టం తేల్చింది. రెండు గీతలూ ఒకే చోట పడ్డాయి.

కోర్టులు ఈ విషయంలో ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటూ వచ్చాయి. 1985 జూలై 10న ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి పేవ్‌మెంటు మనుషుల విషయంలో, బతుకుదెరువు కూడా 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మన వాళ్లు సభల్లో ఆ సగం తీర్పే చెబుతారు. మిగతా సగం ఏమంటే, నోటీసిచ్చి పద్ధతి ప్రకారం ఖాళీ చేయించవచ్చని. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊరుమ్మడి భూముల మీద, చెరువుల మీద ఆక్రమణలన్నీ తొలగించే ఏర్పాటు చేయమని అన్ని రాష్ట్రాలకూ ఆదేశమొచ్చింది. అదే తీర్పులో ఒక వాక్యం వుంది. ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకో షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లకో లీజు ఇచ్చిన చోట, లేదా బడి, ఆస్పత్రి లాంటివి అప్పటికే వున్న చోట మాత్రం క్రమబద్ధం చేయొచ్చన్నది దాని సారాంశం. తహసీల్దారు ఆఫీసులో తీర్పు మొదటి భాగం అందరికీ నోటికొచ్చు. ఈ వాక్యం చూపించాల్సింది మనమే. 2024 నవంబరు 13న బుల్డోజర్ కేసులో కనీసం పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చకూడదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. మేమూ సంతోషించాం. చివరిదాకా చదివితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది, నీటి వనరుల మీద వున్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని వుంది. అంటే వాగు పోరంబోకు మళ్లీ బయటే.

ఒకప్పుడు చెరువు నీళ్లు ముట్టుకుంటే మైలపడిందన్నారు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చవుదారు చెరువుకు నడిచింది అందుకే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసిన దాడికి మొదలు, మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు పాడుచేస్తుంటే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డం తిరగడం. ఇప్పుడు అదే మనుషుల మీద చెరువులు ఆక్రమించారన్న కేసు.

లెక్కలో ఎవరున్నారు

2011 జనగణన ప్రకారం దేశంలో మురికివాడల జనాభా సుమారు 6.55 కోట్లు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోటి రెండు లక్షలు, మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం. పట్టణ జనాభాలో వంతుగా చూస్తే 36 శాతం, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. పది లక్షలు దాటిన నగరాల్లో విశాఖపట్నంలో నూటికి 44 ఇళ్లు మురికివాడల్లో వున్నాయి. దేశం మొత్తంమీద మురికివాడల్లో వున్నవాళ్లలో 20.4 శాతం షెడ్యూల్డు కులాలవాళ్లు. పట్టణ జనాభా మొత్తంలో వాళ్ల వంతు 12.6 శాతమే.

ఈ అంకెలు అందరూ వాడతారు. కానీ ఇవి ఎట్లా పుట్టాయో తెలుసుకోవాలి. జనగణన మురికివాడల్ని లెక్కపెట్టింది మున్సిపాలిటీ, కార్పొరేషన్, నగర పంచాయతీ లాంటి చట్టబద్ధమైన పట్టణాల్లో మాత్రమే. పంచాయతీలో ఎన్ని కొట్టాలున్నా అవి మురికివాడ కావు. వెలుగోడు పంచాయతీ. కాబట్టి ఆ లెక్కలో వెలుగోడుకు మురికివాడ అన్నదే వుండదు. ఆళ్లగడ్డ, ఆత్మకూరు నగర పంచాయతీలయింది 2010 తర్వాతే. పట్టణంలో కూడా సర్కారు నోటిఫై చేయని, గుర్తించని వాడ లెక్కకెక్కాలంటే కనీసం మూడు వందల మందో, అరవై డెబ్బై కుటుంబాలో ఒక్కచోట గుంపుగా వుండాలి. వాగు గట్టు వెంబడి ఇక్కడ పది, అక్కడ పదిహేను కొట్టాలున్నవాళ్లు ఆ జల్లెడలోంచి జారిపోతారు. ఊరు వాళ్లను ఊళ్లో చేర్చదు, పట్నం వాళ్లను పట్నంలో చేర్చదు.

లెక్కలో లేకపోతే ఏం పోయిందని కొందరు మిత్రులు అడుగుతుంటారు. 1956 నాటి మురికివాడల అభివృద్ధి చట్టం నుంచి, 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం దాకా డబ్బు ఏదొచ్చినా అది మురికివాడల జాబితా పట్టుకునే వచ్చింది. జాబితాలో వున్న వాడకు కుళాయి, లైటు, సిమెంటు రోడ్డు వస్తాయి. అవి వచ్చిన చోటును పీకేయడం కష్టం. లేనివాళ్లకు నోటీసు కూడా రాదు, మనుషులే వస్తారు. ఇంకో లోటు కూడా వుంది. ఆ పట్టికల్లో షెడ్యూల్డు కులాలన్నీ ఒకే అంకె. మాలలెంత, మాదిగలెంత, రెల్లివాళ్లెంత అన్నది కనపడదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తర్వాత కూడా ఇళ్ల విషయంలో ఈ తేడాను చూసే కొలత మన చేతిలో లేదు. కాలనీ లోపల మాత్రం ఆ తేడా నడిచిపోతుంటే కనపడుతుంది. కొట్టాలు వేసుకున్నప్పుడు కూడా మాలలు ఒక వరస, మాదిగలు ఇంకో వరస. బోరింగు మాలల వరసకు దగ్గరో, మాదిగల వరసకు దగ్గరో అన్నదాని మీద తగవులు. వెలి మనతోపాటే మూట కట్టుకుని పట్నానికి వచ్చింది. ఇది రాయకుండా దాటేయడం మాకు చేతకాదు.

తరలింపు

వాగు మునుగుతుంది కాబట్టి మంచి చోటికి పంపుతాం అని సర్కారు అంటుంది. వినడానికి బాగుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రోజు మేం మరచిపోలేదు. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుళ్లోకే నీళ్లొచ్చాయి. కాబట్టి అక్కడే వుండనివ్వండి అని మేం కళ్లు మూసుకుని అనలేం. అడగాల్సింది ఎక్కడికి పంపుతున్నారని.

విజయవాడనే చూడండి. 2001 డిసెంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించిన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన, పొట్టిగా వాంబే, పేరుతో అజిత్‌సింగ్ నగర్ పక్కన వాంబే కాలనీ కట్టారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌ను ముంచినప్పుడు వాంబే కాలనీ కూడా రోజుల తరబడి నీళ్లలో వుంది. అంబేడ్కర్ పేరు పెట్టి కట్టినా పల్లం పల్లంగానే వుంది. హైదరాబాదులో మూసీ ఒడ్డు నుంచి జనాన్ని తీసేయాలన్న ఆలోచన 1990ల చివర నందనవనం పేరుతో వచ్చింది. 2024 చివర్లో మళ్లీ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి. పాతికేళ్లలో మారింది పథకం పేరు.

ఇక జాగా కొలత. 2020 డిసెంబరు 25న మొదలైన పంపకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముప్పై లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరుతో ఇస్తున్నట్టు ప్రకటించింది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48.4 గజాలు, నాలుగు వందల ముప్పై అయిదు చదరపు అడుగులు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు ఇస్తామంది. ఆడవాళ్ల పేరు మీద పట్టా రావడం మంచిదే, మొగుడు తాగి అమ్మేయడానికి వీల్లేదు. అయితే సెంటు జాగాలో మేక ఎక్కడ కట్టేయాలి, డప్పు ఎక్కడ ఆరబెట్టాలి, పెళ్లయిన కొడుకు ఎక్కడ వుండాలి? అంతకంటే పెద్ద ప్రశ్న దూరం. ఊడ్చే పనికి, మార్కెట్ యార్డు హమాలీకి, ఇళ్లల్లో పాచిపనికి తెల్లవారకముందే పోవాలి. నాలుగు మైళ్ల అవతల లేఅవుటులో పట్టా ఇస్తే రానుపోను ఆటో ఖర్చుకే కూలి సగం. అందుకే కొందరు పట్టా పెట్టెలో పెట్టుకుని మళ్లీ వాగు పక్కకే వస్తారు. పేపర్లు దాన్ని 'ఇల్లిచ్చినా అమ్ముకున్నారు' అని రాస్తాయి.

నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక జాగాల ధరలు ఎటు పోతాయో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. నిన్నటిదాకా ఎవరికీ పట్టని వాగు గట్టు రేపు బైపాస్ పక్క స్థలమవుతుంది. అభ్యంతరం అప్పుడు గుర్తొస్తుంది.

వేరే ఊరు

అంబేడ్కర్ ఈ సమస్యను ఇళ్ల సమస్యగా చూడలేదు. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత షెడ్యూల్డు కులాల మహాసభ, దళితులకు వేరే ఊళ్లు కావాలని తీర్మానం చేసింది. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన దాన్ని వివరంగా పెట్టారు. సాగులేని సర్కారు భూమినంతా ఒక సెటిల్‌మెంట్ కమిషన్ చేతిలో వుంచి, దళితులకు సొంత ఊళ్లు కట్టించాలన్నారు. ఇల్లు, సాగు భూమి, ఆ ఊరి మీద అధికారం, మూడూ కలిపి. రాజ్యాంగంలోకి అది రాలేదు. సెంటు పట్టాల్ని ఆ కొలబద్ద పక్కన పెట్టి చూస్తే ఎంత తక్కువకు ఒప్పుకున్నామో అర్థమవుతుంది.

కారంచేడు మాదిగలు మాత్రం తమకు తెలిసిన పద్ధతిలో ఆ పని కొంత చేశారు. చీరాలలో శిబిరంలో పడుకున్నవాళ్లు, ఊరికి తిరిగి రమ్మన్న రాజీలన్నీ కాదన్నారు. చీరాలలోనే వాళ్ల కాలనీ, విజయనగర్ కాలనీ, లేచింది. భయంతో పారిపోయినవాళ్ల డేరా వేరే ఊరైంది. 1991లో చుండూరు, 1998లో వెలుగోడుకు దగ్గర్లోని వెంపెంట, దళితుల మీద దాడి జరిగిన ప్రతిసారీ ముందు లేచేది ఒక శిబిరమే. 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి వెలేసిన అయిదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట ఫ్లెక్సీలు కట్టుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. రోహిత్ వేముల ఆ అయిదుగురిలో ఒకడు. యూనివర్సిటీలో వేసినా కొట్టం కొట్టమే. దాని పేరేమిటో వాళ్లకు తెలుసు.

చివరగా పని గురించి కొంచెం. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2025 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టింది. కులం కూడా అడుగుతామన్నారు. దానికి ముందు ఇళ్ల జాబితా రాస్తారు. కొట్టాల్లో పనిచేసే మిత్రులు ఆ జాబితా రాసేవాళ్ల వెంట తిరగాలి, కాలువ గట్టు మీది ప్రతి కొట్టానికీ నంబరు పడేట్టు చూడాలి. తాళం వేసి సుగ్గికి పోయినవాళ్ల పేర్లు పక్కవాళ్లతో చెప్పించాలి.

కాయితాల సంగతి కూడా. సర్కారు జాగా ఆక్రమించారని 1905 నాటి చట్టం కింద గ్రామాధికారి రాసే బి-మెమోను చూసి మన వాళ్లు భయపడి చించేస్తారు. చించొద్దు. శిస్తు, జరిమానా కట్టిన ఆ రసీదు, ఫలానా మనిషి ఫలానా ఏడాది నుంచి ఆ జాగాలో వున్నాడని సర్కారే రాసిచ్చిన సాక్ష్యం. ఏడో సెక్షను నోటీసు వస్తే అందుకున్న తేదీ రాసి సంతకం పెట్టి, గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆరో సెక్షను కింద ఖాళీ చేయమన్న ఉత్తర్వు మీద అప్పీలుకు పోవచ్చు. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, బడిలో పిల్లల చేరిక కాయితం, రేషన్ కార్డు, ఓటరు చీటీ, ఏడాదివారీగా వరసలో పెట్టి ఒక ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎత్తుగా వేలాడదీయాలి. వాగు పొంగినప్పుడు ముందు తడిసేవి అవే.